నలుసు ఎప్పుడు మనిషవుతుంది?

ప్రశ్న: అక్కా, మాది మదనపల్లె దగ్గర పల్లె. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. నాకు 31. పాపకి 15 నెలలు, సిజేరియన్ కాన్పు. కాన్పయ్యాక ఆరు నెలలు ఊరికే ఏడుస్తూనే ఉన్నాను, మందులు కూడా వాడాను. పాలిస్తున్నాను కదా, నెలసరి ఎలాగూ సరిగా రావట్లేదు కదా అని పట్టించుకోలేదు. మొన్న స్కాన్‌లో 8 వారాలన్నారు, గుండె చప్పుడు వినిపించారు. ఇప్పుడు ఇంకో బిడ్డని మోసే ఓపిక నాకు లేదు. భ్రూణహత్య చేస్తే ఏడు జన్మలు వెంటాడుతుందని అత్తయ్య అంటున్నారు, ఉత్తర కడుపులో పరీక్షిత్తుని కృష్ణుడు కాపాడిన కథ రోజూ చెప్తున్నారు, ఈసారి బాబే అని కల కూడా వచ్చిందట. ఆఫీసులో ఫ్రెండేమో అది ఉత్త కణాల ముద్ద, రెండు మాత్రలు వేసుకుని సోమవారానికి వచ్చెయ్ అంటోంది. మా ఆయన నీ ఇష్టం అని ఫోన్ చూసుకుంటాడు. నాకు ఒక్కటి చెప్పండి. అది మనిషా, కాదా? మనిషైతే నేను హంతకురాలినా? శనివారం డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

సమాధానం:

చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు చివరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. కావు. శనివారం నువ్వు ఏ నిర్ణయం తీసుకున్నా హంతకురాలివి కావు. నిన్ను ఓదార్చడానికి అంటున్న మాట కాదిది, ఎందుకంటున్నానో కింద రాశాను, కాస్త పొడవయింది, పాప పడుకున్నాక నిదానంగా చదువు.

దానికి ముందు అడిగావు చూడు, అది మనిషా కాదా అని, ఆ ప్రశ్నకి మాత్రం ఒక్క మాటలో జవాబు చెప్పేవాళ్లని నమ్మకు. మీ అత్తయ్య ఒక మాట అన్నారు, నీ ఫ్రెండ్ ఒక మాట అంది, రెండూ నీకు గుచ్చుకున్నాయి. నీది మెత్తటి మనసు కాబట్టి గుచ్చుకున్నాయని అనుకోకు. నీ కడుపులో ఉన్నదానికి ఆ రెండు మాటలూ సరిపోవడం లేదు, అది నీకు తెలుస్తోంది, అందుకే.

నాకు 22 ఏళ్ల కిందట మూడో నెలలో కడుపు పోయింది. అప్పుడు మేం జయనగర్‌లో అద్దెకుండేవాళ్లం. అనంతపురం నుంచి మా అమ్మమ్మ రాత్రి బస్సెక్కి తెల్లారేసరికి వచ్చేసింది. నా తల నిమురుతూ "ఏడవకే, ఇంకా రూపమే రాలేదు, రక్తపు ముద్దేగా" అంది. అదే అమ్మమ్మ, అంతకు కొన్నేళ్ల ముందు మా వీధిలో ఒకావిడ మూడో నెలలోనే కడుపు తీయించుకుందని తెలిసి, శిశుహత్య చేసిన ఇల్లని వాళ్ల గడప తొక్కలేదు. నేను పోగొట్టుకుంటే ముద్ద, ఆవిడ తీయించుకుంటే శిశువు. అమ్మమ్మంటే నాకు ప్రాణం, ఆమెని తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. ఎదుటి ఆడదాని మీద మనకి జాలి ఉందా కోపం ఉందా అన్నదాన్ని బట్టి కడుపులో ఉన్నదాని పేరే మారిపోతోందని నాకు ఆ రోజు అర్థమైంది. ఇంకోటి కూడా అర్థమైంది. ప్రేమతో అన్నా సరే, ముద్ద అన్న మాటకి నేను ఇంకా ఎక్కువ ఏడ్చాను, ఎందుకంటే అప్పటికే నేను ఒక పేరు అనుకుని ఉన్నాను.

మన తెలుగుని గమనించు, ఈ విషయంలో వాదించేవాళ్ల కంటే మన భాషకే ఎక్కువ తెలుసనిపిస్తుంది. మొదట్లో కడుపులో నలుసు పడింది అంటాం. నలుసంటే ఎంత చిన్నది, కంట్లో పడితే కనపడనంతది, కానీ ఉందని మాత్రం తెలుస్తుంది. తర్వాత పిండం అంటాం. కదలిక తెలిశాక బిడ్డ తంతోంది అంటాం, పిండం తంతోందని ఏ తల్లీ అనగా నేను వినలేదు. సీమంతం నెల తప్పిన వారానికి చెయ్యరు, నెలలు కొంత నిండాక చేస్తారు. పేరు పెట్టేది పుట్టి పురుడు వెళ్లాకే. అంటే ఒక క్షణంలో స్విచ్ వేసినట్టు మనిషి వచ్చేశాడని మన పెద్దవాళ్లు బతికిన తీరులో లేదు. నెల నెలకీ బరువు పెరుగుతూ వస్తుంది, కడుపులోనూ, మన మీదా.

శాస్త్రం మాట వేరే ఉంది కదా అని మీ అత్తయ్య అనొచ్చు, ఉంది. భ్రూణహత్యని మహాపాపమనే అన్నారు, దాన్ని దాచి మాట్లాడటం నాకిష్టం లేదు. చరక సంహిత శుక్రశోణితాలు కలిసినప్పుడే జీవుడు వచ్చి చేరతాడంటుంది. గర్భోపనిషత్తేమో ఏడో నెలలో జీవుడితో కూడుతుందంటుంది. సుశ్రుతుడు నాలుగో నెలలో గుండె వ్యక్తమై కోరికలు పుడతాయని, అప్పటి నుంచి తల్లి రెండు హృదయాలు గలదని చెప్పాడు, దౌహృదిని అనే పేరు అలా వచ్చిందే. పరాశర స్మృతి నాలుగో నెల దాకా పోతే స్రావమనీ, అయిదారు నెలల్లో పాతమనీ, ఆ పైన ప్రసవమనీ విడివిడిగా పేర్లు పెట్టింది. స్రావానికి ఎన్ని నెలలైతే అన్ని రాత్రులే మైల అని మనువు కూడా రాశాడు. రెండో నెలలో పోయినదాన్నీ పుట్టి పోయిన బిడ్డనీ ఒక్కలా చూడమని ఆ పుస్తకాలే చెప్పలేదు. ఇస్లాంలో చాలామంది పండితులు 120 రోజులకి ఆత్మ ఊదబడుతుందంటారు. గర్భం నిలిచిన క్షణం నుంచే కాపాడాలనే క్యాథలిక్ చర్చి కూడా, ఆత్మ చేరిన పిండం, చేరని పిండం అని శిక్షల్లో పాటించిన తేడాని తీసేసింది 1869లోనే.

ఇక పరీక్షిత్తు కథ. ఆ కథ నాకూ ఇష్టం, చిన్నప్పుడు మా తాత భాగవతం చదువుతుంటే అక్కడ కళ్లలో నీళ్లు వచ్చేవి. కానీ ఉత్తర ఏమందో గుర్తుచేసుకో. అశ్వత్థామ అస్త్రం తరుముకొస్తుంటే కృష్ణుడి దగ్గరికి పరుగెత్తుకొచ్చి, నన్ను కాల్చినా కాల్చనీ, నా గర్భం మాత్రం పోకుండా చూడమని వేడుకుంది. ఆ బిడ్డ కావాలని కోరుకుంది తల్లి, చంపాలని చూసింది బయటివాడు. ఆమె మొర విని కృష్ణుడు వచ్చాడు. తల్లి ఇష్టానికి విరుద్ధంగా ఆమె కడుపు జోలికి వచ్చినవాడిని దోషిగా నిలబెట్టిన కథ అది. నువ్వు అశ్వత్థామవి కాదు. ఆ కథలో నీ చోటు ఉత్తర పక్కన.

డాక్టర్లు చెప్పేది కూడా తెలుసుకో, ఆ గుండె చప్పుడు నీ మనసులోంచి పోవడం లేదని నీ ఉత్తరం చదివాక నాకు అర్థమైంది. వారాలు లెక్కపెట్టేది చివరి నెలసరి మొదటి రోజు నుంచి, కాబట్టి నీ 8 వారాల్లో నలుసు అసలు వయసు ఆరు వారాలే. తల నుంచి పిర్ర దాకా కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు, అటూ ఇటుగా. గుండె కొట్టుకోవడం నిజమే, ఆ స్పీకర్లో వచ్చే శబ్దం మాత్రం ఆ కదలికని మిషన్ చప్పుడుగా మార్చి వినిపించేది. నొప్పి, స్పర్శ లాంటివి మెదడు పైపొర దాకా చేరే నరాల దారులు ఏర్పడేది దాదాపు 24 వారాలకి. బయట బతకగలిగే అవకాశం మొదలయ్యేదీ ఇంచుమించు అప్పుడే. కలిసిన తర్వాత సుమారు 14 రోజుల దాకా అది రెండుగా విడిపోయి కవలలు కావచ్చు, అందుకే మొదటి క్షణం నుంచే ఒక ఫలానా మనిషి ఉన్నాడనడం కష్టం. ఒక్కడే అయితే ఇద్దరెలా అయ్యాడు? అయితే ప్రాణం ఉందా అంటే ఉంది, మానవ ప్రాణమే, ఇందులో సందేహం లేదు. ఉత్త కణాల ముద్ద అన్న నీ ఫ్రెండ్ కూడా ఇక్కడ సగమే చెప్పింది.

అబార్షన్ వద్దనేవాళ్ల వాదనల్లో నన్ను బాగా ఆలోచింపజేసింది ఒకటుంది, అది మతం నుంచి వచ్చింది కాదు. డాన్ మార్క్విస్ అనే అమెరికన్ తత్వవేత్త 1989లో చెప్పింది. చంపడం ఎందుకు తప్పంటే ముందున్న జీవితమంతా లాగేసుకుంటాం కాబట్టి, నలుసుకీ మనలాంటి భవిష్యత్తే ఉంది కాబట్టి అదీ తప్పే అన్నాడు. తేలిగ్గా తోసెయ్యలేని మాట ఇది, దీని ముందు నేను చాలాకాలం ఆగిపోయాను. చివరికి నాకు తోచింది ఇది: భవిష్యత్తు ఒకరిదవ్వాలంటే దాన్ని నాది అనుకునే ఒకరు కొంచెమైనా మొదలై ఉండాలి, ఆరు వారాల నలుసులో ఆ ఒకరు ఇంకా మొదలు కాలేదు, ఆరో నెలకి మొదలై ఉండొచ్చు. అందుకే ఎనిమిదో వారం, ఇరవయ్యారో వారం నాకు ఒకటి కావు. ఇది నా తీర్పు, నీ మనసు వేరేగా చెప్తే దాన్ని తప్పనను.

సరే, మనిషే అనుకుందాం. అప్పుడు కూడా ప్రశ్న తీరదు. జూడిత్ జార్విస్ థామ్సన్ అనే అమెరికన్ తత్వవేత్త 1971లో ఇదే అంది. ఇంకొకరు బతకడానికి నీ ఒళ్లు తొమ్మిది నెలలు వాడుకోవాల్సి వస్తే, ఇవ్వడం నీ గొప్పతనం, కానీ బలవంతంగా తీసుకునే హక్కు ఎవరికీ లేదంది. మీ పాపకే రేపు కిడ్నీ కావాల్సి వస్తే నువ్వు ఒక్క క్షణం ఆలోచించకుండా ఇస్తావు, నాకు తెలుసు. అయినా ఏ చట్టమూ నిన్ను పట్టుకెళ్లి బల్ల మీద పడుకోబెట్టదు. ఈ పోలికలో లోటు లేకపోలేదు, కిడ్నీ జబ్బు నీ వల్ల రాలేదు, గర్భం మీ ఇద్దరి వల్ల వచ్చింది. అందుకే దీనితో వాదన అంతా తేలిపోయిందని చెప్పను. కానీ మనిషా కాదా అన్నది ఒక ప్రశ్న, మోసే శరీరం ఎవరిది అన్నది ఇంకో ప్రశ్న అని విడదీసి చూడటానికి ఇది నాకు సాయపడింది. ఈ రెండో ప్రశ్న మీ ఇంట్లో ఒక్కరు కూడా అడిగినట్టు లేదు.

మన చట్టం చేసిందీ అదే. డాక్టర్ల చేత గర్భం తీయించుకోవడం గురించిన 1971 నాటి ఎంటీపీ చట్టం ఎప్పుడు మనిషి అనే జోలికే పోలేదు. దొంగచాటు అబార్షన్లలో ఆడవాళ్లు చచ్చిపోతున్నారని 1964లో శాంతిలాల్ షా కమిటీ వేశారు, దాని నివేదిక మీద ఈ చట్టం వచ్చింది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు, 24 దాకా కొన్ని రకాల వాళ్లకి ఇద్దరు డాక్టర్లు, ఆ పైన పిండంలో తీవ్రమైన లోపం ఉంటే మెడికల్ బోర్డు. అడిగితే చేసెయ్యాలని చట్టంలో లేదు, తల్లి ఒంటికో మనసుకో తీవ్రమైన హాని అని డాక్టర్ అనుకోవాలి, ఆమె ఉన్న పరిస్థితుల్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. సిజేరియన్ అయి 15 నెలలే, కాన్పు తర్వాత డిప్రెషన్‌కి మందులు వాడావు, ఇవి రెండూ డాక్టర్‌కి తప్పకుండా చెప్పు, చిన్న విషయాలు కావు. ఒక కాన్పుకీ మళ్లీ నెల తప్పడానికీ మధ్య రెండేళ్ల ఎడం ఉండాలని డాక్టర్లు చెప్పేది ఊరికే కాదు.

సంతకం నీ ఒక్కదానిదే. 18 నిండిన స్త్రీకి చట్టప్రకారం భర్త సంతకం అక్కర్లేదు, అత్తగారిది అసలే అక్కర్లేదు. కొన్ని ఆసుపత్రుల్లో అలవాటుగా అడుగుతారు, అప్పుడు చట్టం అడగదని మర్యాదగానే చెప్పు. నీ వివరాలు బయటపెడితే ఏడాది దాకా జైలు ఉంది. కడుపులో ఉన్న బిడ్డకి ఆస్తిలో వాటా ఉంటుంది కదా, అంటే చట్టం మనిషిగా ఒప్పుకున్నట్టే కదా అని కూడా ఎవరో ఒకరు అంటారు. హిందూ వారసత్వ చట్టం 20వ సెక్షన్ ఆ వాటా ఇచ్చేది ప్రాణంతో పుడితేనే.

2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చిన కేసు గురించి చెప్పాలి, ఎందుకంటే ఆమె కూడా నీలాగే పాలిస్తూ నెలసరి రాక తెలుసుకోలేకపోయిన తల్లి. ఇద్దరు పిల్లలు, కాన్పు తర్వాత మానసిక జబ్బు. తెలిసేసరికి 24 వారాలు దాటాయి. మొదట అనుమతి ఇచ్చారు, తర్వాత పిండానికి బతికే అవకాశం ఉందని ఎయిమ్స్ డాక్టర్ రాయడంతో ఇద్దరు జడ్జిలు రెండు దారులయ్యారు. అంతకుముందు తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా చేసిన జస్టిస్ హిమా కోహ్లికి మనసొప్పలేదు, మన కర్ణాటక నుంచి వెళ్లిన జస్టిస్ నాగరత్న ఆ తల్లి నిర్ణయాన్ని గౌరవించాలన్నారు. చివరికి ముగ్గురు జడ్జిలు కాదన్నారు, అప్పటికి 26 వారాల 5 రోజులు. మొదటి జడ్జిలు ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరూ ఆ ఫైలు మొత్తం చదివినవాళ్లే, అయినా ఒక మాట మీదకి రాలేకపోయారు. ఆరు నెలలు దాటాక ప్రశ్న అంత బరువవుతుంది. నువ్వు ఇంకా అక్కడ లేవు.

గుండె చప్పుడు ఒక్కటే చూసి తల్లిని చూడకపోతే ఏమవుతుందో కూడా మనకి తెలుసు. బెళగావి అమ్మాయి సవిత హలప్పనవర్, ఐర్లాండ్‌లో డెంటిస్టు, 17 వారాలప్పుడు గర్భం నిలవదని తేలింది. ఆమె ఆ బిడ్డని కోరుకున్నదే. తీసేయమని అడిగితే గుండె ఇంకా కొట్టుకుంటోందని ఆగారు, ఇన్ఫెక్షన్ ఒళ్లంతా పాకి 2012 అక్టోబర్ 28న చనిపోయింది. 31 ఏళ్లు, నీ వయసే. 2018లో ఆ దేశం ఓటేసి రాజ్యాంగాన్ని మార్చుకుంది.

ఈసారి బాబే అన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. మీ అత్తయ్య భయం నిజమైనదే, పాపభీతి గల మనిషి, ఆమెతో పోట్లాడొద్దు. కానీ లోపల ఒకసారి అడుక్కో, పాపే అని కల వచ్చి ఉంటే ఇన్ని కథలు చెప్పేవారా అని. ఎవరైనా సరే స్కానింగ్‌లో ఏ బిడ్డో తెలుసుకుందామంటే ఆ మాట అక్కడే తుంచెయ్. 1994 నాటి చట్టం ప్రకారం అది నేరం. అయినా 2023 చివర్లో మండ్య జిల్లాలో బెల్లం వండే చోట స్కానింగ్ మిషన్ పెట్టి ఆడపిల్లల్ని ఏరేసిన ముఠా పట్టుబడింది. నీకు ఓపిక లేక వద్దనుకోవడానికీ, ఆడపిల్ల కాబట్టి వద్దనుకోవడానికీ మధ్య చాలా తేడా ఉంది. రెండోదాంట్లో పుట్టి ఎదుట తిరుగుతున్న నీ పాపకి కూడా నువ్వు అక్కర్లేదని చెప్పినట్టవుతుంది.

మీ ఆయన సంగతి. నీ ఇష్టం అనడం మంచి మాటలా వినిపిస్తుంది, కానీ ఫోన్ చూస్తూ అంటే బరువంతా నీ నెత్తిన పెట్టి పక్కకి తప్పుకున్నట్టే. ఈ జవాబు అతనికి చదివి వినిపించు. నిర్ణయం నీదే, అందులో మార్పు లేదు, కానీ తోడు అతనిది. శనివారం ఆఫీసుకి సెలవు పెట్టాలి, పాపని ఎత్తుకోవాలి, వాళ్లమ్మతో మాట్లాడాల్సింది కూడా అతనే. తర్వాత గర్భం రాకుండా జాగ్రత్త పడటంలో కూడా సగం అతనిదే. పాలిస్తే గర్భం రాదన్నది మొదటి ఆరు నెలలు, అదీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పెట్టకుండా, నెలసరి మొదలవకుండా ఉన్నంతవరకే. ఇది నీకెవరూ చెప్పలేదు, ఆ తప్పు నీది కాదు.

వద్దనుకుంటే మెడికల్ షాపులో కిట్ కొనుక్కుని ఇంట్లో వేసుకోవద్దు, నీ ఫ్రెండ్ చెప్పినంత తేలిక కాదు, పైగా నీది సిజేరియన్ పొట్ట. మందులతో చేయడానికి నిబంధనల ప్రకారం 9 వారాల దాకే వీలు, ఆ తర్వాత వేరే పద్ధతి ఉంది, అదీ సురక్షితమే. కాబట్టి ఈ వారంలోనే తేల్చెయ్యాలని కంగారుపడకు, నెలలు గడవనివ్వకు. పాలిస్తున్నానని ముందే చెప్పు. ఉంచుకోవాలనిపిస్తే, అదీ నీ నిర్ణయమే అవ్వాలి, భయంతో కాదు. అప్పుడు రాత్రిళ్లు పాపని ఎవరు చూస్తారు, మందులు మళ్లీ అవసరమైతే ఎలా, మీ అమ్మ ఎన్నాళ్లు వచ్చి ఉంటుంది, ఇవన్నీ ఇప్పుడే మాట్లాడుకోండి. ఎటైనా సరే మళ్లీ ఆ ఏడుపు మొదలైతే ఆలస్యం చెయ్యకు, మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబర్ 14416కి తెలుగులోనే మాట్లాడొచ్చు, బెంగళూరులోని మానసిక ఆసుపత్రి నిమ్హాన్స్‌లో గర్భిణులకీ బాలింతలకీ ప్రత్యేకంగా చూసే డాక్టర్లున్నారు.

శనివారం అందరూ నీతో లోపలికి వస్తామంటారు. డాక్టర్‌తో పది నిమిషాలు ఒంటరిగా మాట్లాడాలని రిసెప్షన్ దగ్గరే చెప్పు. మీ ఆయనా పాపా బయట కుర్చీలో కూర్చుంటారు.